తెర మీది గీత ఎక్కడ పుట్టింది?

రాజమండ్రిలో వీడియో కెమెరాలు బాగుచేస్తూ తల నెరిసినవాణ్ణి. భుజం మీద మోసే వీహెచ్‌ఎస్ కెమెరాలు, తర్వాత అరచేతిలో ఇమిడే మినీ డీవీలు, ఇప్పుడు మెమరీ కార్డువి, అన్నీ నా బల్ల మీదికి వచ్చినవే. తెచ్చిన ప్రతివాడూ చెప్పే మాట ఒకటే: ‘‘గురువుగారూ, స్క్రీన్ పోయింది.’’ నిజంగా స్క్రీన్ పోయినవి అందులో తక్కువ. లెన్సులో, సెన్సారులో, టేపులో, వైరులో ఎక్కడ ఏం జరిగినా చివరికి కనబడేది తెర మీదే కాబట్టి నింద దాని మీద పడుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకీ, బీరువాలో పాత కెమెరా దాచుకున్నవాళ్ళకీ పనికొస్తాయని నాకు తెలిసినవి రాస్తున్నాను. వరసకి పెద్ద అర్థం లేదు. మొదటిది మాత్రం మొదటే చెయ్యాలి.

1. స్క్రూడ్రైవర్ కన్నా ముందు టీవీ వైరు తియ్యాలి.

కెమెరా చేతికి రాగానే మెనూ తెరిచి అక్షరాలు చూడు. బొమ్మంతా గీతలుగా ఉన్నా మెనూ అక్షరాలు, బ్యాటరీ గుర్తు, టైము అంకెలు స్ఫుటంగా ఉన్నాయంటే తెర ఆరోగ్యంగా ఉంది. ఆ అక్షరాల్ని లోపలి బోర్డు తయారుచేసి బొమ్మ మీద అతికిస్తుంది. అవి తిన్నగా వస్తుంటే పాడైంది అంతకుముందు మెట్టులో, అంటే లెన్సు, సెన్సారు, టేపు వైపు. అక్షరాలు కూడా బొమ్మతోపాటు చీలిపోతుంటే తెరనో, తెరకు వెళ్ళే తీగనో అనుమానించు.

తర్వాత వ్యూఫైండరులోకి చూడు. ఎల్‌సీడీలో ఉన్న గీత అక్కడ లేకపోతే సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత టీవీకి కలుపు. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే కస్టమరు గుండె కుదుటపడుతుంది, ఎందుకంటే తీసిన పెళ్ళి పాడవలేదని అర్థం. ఆఖరున రెండు పరీక్షలు: బాగా ఉందని తెలిసిన పాత క్యాసెట్ ఒకటి ఇందులో ఆడించాలి, ఇందులో కొత్తగా ఒక నిమిషం తీసి దాన్ని వేరే కెమెరాలో చూడాలి. పాతది బాగా ఆడి కొత్తది పాడుగా వస్తే రికార్డింగు వైపు తప్పు. రెండూ పాడుగా వస్తే హెడ్ల వైపు.

ఇందులో ఒక మెలిక ఉంది. మూడు నల్ల గీతలున్న 3.5 మిల్లీమీటర్ల ఏవీ జాక్ వైర్లు చూడ్డానికి అన్నీ ఒకటే, కానీ లోపల ఏ గీత మధ్య వీడియో, ఎక్కడ ఎర్త్ అన్నది అన్నిటికీ ఒకటి కాదు. తప్పు వైరు పెడితే టీవీలో బొమ్మ ఊగుతుంది, స్పీకరు గుర్రుమంటుంది. పసుపు పిన్ను పెట్టాల్సిన చోట ఎరుపుది పెట్టి చూడు. ఒక్కోసారి అంతే, బొమ్మ వచ్చేస్తుంది.

2. చెడిపోనిదాన్ని బాగుచెయ్యకు.

పంతులుగారి తెల్ల పంచె మీద ఏటవాలు చారలు కదులుతున్నాయని కెమెరా పట్టుకుని పరుగెత్తుకొచ్చినవాళ్ళని చూశాను. దాన్ని జీబ్రా అంటారు. వెలుగు ఎక్కువై తెల్లదనం పేలిపోయే చోటు ఇదీ అని కెమెరాయే గీసి చూపిస్తుంది. 100 దగ్గర పెడితే పూర్తిగా పేలిపోయిన చోట, 70 దగ్గర పెడితే మొహం మీద వెలుగు పడిన చోట వస్తుంది. రికార్డులో పడదు. అంచుల చుట్టూ ఎర్రగానో పచ్చగానో మెరిసేది పీకింగ్, ఫోకస్ ఎక్కడుందో చెప్పడానికి. అదీ రికార్డులో పడదు.

పట్టపగలు బొమ్మంతా పాలిపోయి ఆకుపచ్చగా కనిపిస్తే సోనీ హ్యాండీక్యామ్‌లలో నైట్‌షాట్ మీట చూడు. పిల్లలు తోసేసి ఉంటారు. నెగెటివ్, సోలరైజ్, సెపియా అని మెనూలో ఉండే విన్యాసాలు కూడా అంతే. ముందు మెనూలో రీసెట్ కొట్టు. ఊరికే బాగైపోయినదానికి డబ్బు తీసుకోవాలా అని మా కుర్రాళ్ళు అడుగుతుంటారు. తీసుకోవాలి, కొంచెమే. చెప్పినదానికి కూడా కూలి ఉంటుంది.

3. తిరిగే తెరకు మెడ దగ్గరే జబ్బు.

తెరను పక్కకు 90 డిగ్రీలు తెరవొచ్చు, నిలువుగా 270 డిగ్రీల దాకా తిప్పొచ్చు. ఇంత తిరుగుడుకీ మధ్యలో ఉన్నది ఒక పల్చటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద వెంట్రుకల్లాంటి రాగి దారులు. మేము ఫ్లెక్స్ అంటాం, కొందరు స్ట్రిప్ అంటారు. కీలు లోపల చుట్టుకుని ఉంటుంది. వంగీ వంగీ ఒక్కో దారి తెగుతుంది. ఏ దారి తెగితే ఆ రోగం: ఒక రంగు మోసేది తెగితే బొమ్మంతా పచ్చగానో ఎర్రగానో మారుతుంది, టైమింగ్ మోసేది తెగితే బొమ్మ అడ్డంగా చీలి పరుగెడుతుంది, లైటుకు కరెంటు మోసేది తెగితే చీకటి.

గుర్తుపట్టడం తేలిక. తెరను నెమ్మదిగా తెరుస్తూ, తిప్పుతూ చూడు. ఏదో ఒక కోణంలో బొమ్మ సరిగా వచ్చి, రవ్వంత కదిపితే పోతే ఫ్లెక్సే. సగం తెరిచి పట్టుకుంటే బాగుందని అలాగే పని నడిపించేవాళ్ళు ఉంటారు. సీజను మధ్యలో పెళ్ళిళ్ళున్నవాణ్ణి నేను తప్పుపట్టను. కానీ ఆ పట్టీ ఇవాళో రేపో పూర్తిగా తెగుతుంది, అదీ తాళి కట్టేటప్పుడే తెగుతుంది. ఎవరైనా ‘‘తెర మొత్తం మార్చాలి’’ అంటే, ముందు ఫ్లెక్స్ ఒక్కటీ దొరుకుతుందేమో అడగమని నా సలహా. ఖర్చులో చాలా తేడా. తెగిన దారుల్ని టంకం పెట్టి అతికించాలని చూసేవాళ్ళూ ఉన్నారు. వంగే చోట టంకం నిలవదు.

కీలు దగ్గరే ఇంకో చిన్న వస్తువు ఉంటుంది. తెర మూశామా, తిప్పామా అని కనిపెట్టే స్విచ్. కొన్నిటిలో చిన్న నొక్కుడు బొత్తాం, కొన్నిటిలో అయస్కాంతం. అది ఇరుక్కుంటే బొమ్మ తలకిందులవుతుంది, లేదా అద్దంలోలా కుడిఎడమలు మారిపోతాయి, లేదా తెర తెరిచే ఉన్నా వ్యూఫైండరు మాత్రమే వెలుగుతుంది. బొమ్మలో గీత, చుక్క ఏమీ లేకుండా ఇలా మాత్రమే అయితే ఆ స్విచ్ చూడు.

4. తెల్ల తెర వేరు, నల్ల తెర వేరు.

తెల్లగా వెలిగి బొమ్మ లేకపోతే వెనక లైటు బాగుంది, బొమ్మ అందడం లేదు. నల్లగా ఉంటే గది చీకటి చేసి టార్చి ఏటవాలుగా కొట్టు. లోపల బొమ్మ మసకగా కదులుతూ కనిపిస్తే బొమ్మ అందుతోంది, లైటు పోయింది. పాతవాటిలో సన్నటి ట్యూబు దీపం, తర్వాతివాటిలో ఎల్‌ఈడీ. ట్యూబు ఉన్న పాత తెరల్లో దాన్ని వెలిగించే చిన్న బోర్డు ఎక్కువ వోల్టేజి పుట్టిస్తుంది. కెమెరా ఆన్‌లో ఉండగా అక్కడ వేలు పెట్టకు.

ఎండలో పెట్టేసరికి తెర నల్లబడి, నీడకు తెచ్చాక తిరిగొచ్చిందంటే అది వేడి పని, రిపేరు అక్కర్లేదు. కూలింగ్ గ్లాసులు పెట్టుకుని తెర చూసి పోయిందనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కొన్ని కళ్ళజోళ్ళ పోలరైజ్డ్ అద్దం ఒక కోణంలో ఎల్‌సీడీ వెలుగును పూర్తిగా ఆపేస్తుంది. కళ్ళజోడు తీసి చూడమను.

5. చుక్కకి పుట్టిల్లు కనుక్కో.

చుక్క తెర మీద కదలకుండా ఒకే చోట ఉండి, టీవీలో లేకపోతే అది తెరలోని చుక్క. వదిలెయ్యొచ్చు. టీవీలోనూ ఉంటే, లెన్సు మూత పెట్టు. పూర్తి చీకట్లో కూడా తెల్లగానో ఎర్రగానో మెరుస్తోందంటే సెన్సారులో ఒక పిక్సెల్ పాడైంది. గెయిన్ పెంచితే ఇంకా మెరుస్తుంది, కెమెరా వేడెక్కితే తోడు చుక్కలు కూడా వస్తాయి. కొన్ని కెమెరాల్లో వీటిని కప్పేసే ఏర్పాటు మెనూలోనే ఉంటుంది.

మూత పెడితే మాయమయ్యే నల్ల మచ్చ అయితే అది ధూళి. తెల్ల గోడ వైపు తిప్పి, ఐరిస్ మూస్తూ, జూమ్ కదుపుతూ చూడు. ఐరిస్ మూసేకొద్దీ మచ్చ చిన్నదై అంచులు తేలితే ధూళి సెన్సారుకు దగ్గర్లో ఉంది. జూమ్‌తో సైజు మారితే లెన్సులో ఉంది. మచ్చలేమీ లేకుండా బొమ్మంతా పలచగా, పొగ పట్టినట్టు ఉంటే ఫంగస్ కోసం చూడు. లెన్సులోకి టార్చి వేస్తే సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తాయి. మన కోస్తా గాలికి ఇది మామూలే. కెమెరాని ఏళ్ళ తరబడి తోలు సంచీలో మూసిపెట్టేవాళ్ళకి మరీ ఎక్కువ.

6. ఊదారంగు బొమ్మ.

పాత క్యాసెట్ చక్కగా ఆడుతుంది. కెమెరా మోడ్‌లో పెట్టగానే బొమ్మ ఊదారంగుగా మారి అడ్డగీతలు పడుతుంది, లేదా మొత్తం నల్లగా ఉంటుంది. మెనూ అక్షరాలు శుభ్రం. ఇది సీసీడీ చిప్పు, అంటే సెన్సారు రోగం. ఒక తరం చిప్పుల్లో లోపలి సన్నటి తీగల అతుకులు వేడికీ తేమకీ వదిలేస్తున్నాయని 2005 అక్టోబరులో సోనీయే బయటికి చెప్పింది. ఆ చిప్పులు కొని వాడుకున్న వేరే కంపెనీల కెమెరాల్లోనూ అదే వచ్చింది, కంపెనీలు ఉచితంగా మార్చి ఇచ్చాయి. ఆ గడువులన్నీ ఎప్పుడో పోయాయి. ఇప్పుడు అలాంటి కెమెరా వస్తే షూటింగుకు పనికిరాదని చెప్తాను, కానీ పారెయ్యవద్దంటాను. క్యాసెట్లు ఆడించడానికి అది నిక్షేపంలాంటి ప్లేయరు.

7. గళ్ళు పడితే టేపు వైపు చూడు.

మినీ డీవీ 1995లో వచ్చింది. పావు అంగుళం టేపు, గిర్రున నిమిషానికి 9000 చుట్లు తిరిగే చిన్న డ్రమ్ము, దాని మీద రెండు హెడ్లు. మన పాల్ పద్ధతిలో ఒక ఫ్రేము 12 ట్రాకులుగా టేపు మీద పడుతుంది, ఒక హెడ్డు ఒక ట్రాకు, రెండోది తర్వాతి ట్రాకు. ఈ ఒక్క సంగతి తెలిస్తే తెర చూసి రోగం చెప్పొచ్చు. బొమ్మ అడ్డపట్టీలుగా విడిపోయి, ఒక పట్టీ సరిగా ఒక పట్టీ గడ్డకట్టి కనిపిస్తే ఒక హెడ్డు మూసుకుపోయింది. రెండూ మూసుకుపోతే నీలం తెర, లేదా బొమ్మ కదలదు. అక్కడక్కడా చిన్న గళ్ళు వచ్చి పోతుంటే టేపు మీద గీరో ధూళో. ఎప్పుడూ ఒకే సీను దగ్గర వస్తే అది ఆ టేపుది. ఏ టేపు వేసినా వస్తే కెమెరాది.

క్లీనింగ్ క్యాసెట్ వెయ్యి, పది సెకన్లు, అంతే. రివైండ్ చెయ్యకు, వాడిన భాగాన్ని మళ్ళీ వాడకు. అది ఉప్పుకాగితానికి చెల్లెలు, ఎక్కువసేపు తిప్పితే హెడ్డునే తినేస్తుంది. రెండుమూడు సార్లకీ పోకపోతే మూత తీసి చేత్తో తుడవాలి. తుడవడమంటే గుడ్డతో రుద్దడం అనుకోకు. పోగులు రాని షామీ తోలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, తోలు కదలకుండా ఆనించి పట్టుకుని డ్రమ్మునే వేలితో మెల్లగా తిప్పాలి. పైకీ కిందకీ కదిపావా, హెడ్డు విరిగింది. దూదిపుల్లతో హెడ్లు తుడిచే వాళ్ళని నా బల్ల దగ్గరికి రానివ్వను.

వీహెచ్‌ఎస్, హై8 టేపుల్ని కంప్యూటరులోకి ఎక్కించేవాళ్ళు బొమ్మ అడుగున నాలుగైదు వరసలు వంకరగా చిరిగి ఉన్నాయని కంగారుపడతారు. ఒక హెడ్డు వదిలి ఇంకో హెడ్డు అందుకునే చోటు అది. ఎప్పుడూ ఉంది. పాత టీవీలు అంచుల్ని కోసి చూపించేవి కాబట్టి ఎవరికీ కనబడలేదు. అలాగే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళలా గీతలొస్తే అది ఇంటర్‌లేస్, మిక్సింగ్‌లో చూసుకోవాల్సిన పని.

8. సగం గీతలు లైట్లవి.

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టరు 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంటే ప్రతి ఫ్రేముకీ వెలుగు సమానంగా అందుతుంది. ఆటలకని 1/1000కి తిప్పి మర్చిపోయినవాడి కెమెరాలో ఒక ఫ్రేము పచ్చన, ఒక ఫ్రేము చీకటి.

అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిచ్చిన కెమెరాల కథ ఇక్కడే. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి కెమెరా ఎన్‌టీఎస్‌సీ, సెకనుకు 60 ఫీల్డులు. దాన్ని ఇక్కడి ఫంక్షన్ హాల్లో ట్యూబులైట్ల కింద ఆన్ చేస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది, లేదా అడ్డంగా నల్ల పట్టీలు ఈదుతాయి. ‘‘అక్కడ బాగానే ఉంది, విమానంలో దెబ్బతింది’’ అంటారు. షట్టరు 1/100కి పెట్టించి ఆ తల్లిదండ్రుల మొహాలు వెలగడం చూడ్డం నాకు ఇష్టమైన పని. ఆ కెమెరాని పాత పాల్ టీవీకి కలిపితే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది లేదా పైకి దొర్లుతుంది, అదీ కెమెరా తప్పు కాదు.

ఇప్పుడు ట్యూబుల జాగాలో చవక ఎల్‌ఈడీ స్ట్రిప్పులు, రిసెప్షన్ స్టేజి వెనక ఎల్‌ఈడీ గోడలు. వీటి మినుకుకి ఒక లెక్కంటూ లేదు. సోనీ పెద్ద కెమెరాల్లో క్లియర్ స్కాన్, పానాసోనిక్‌లో సింక్రో స్కాన్ అని ఉంటుంది, షట్టరును కొంచెం కొంచెం జరుపుతూ పట్టీలు ఆగేదాకా సరిచెయ్యొచ్చు. మండపంలో డెకరేషన్ లైట్లు వెలిగించి, జనం రాకముందే ఈ పని చేసుకోవాలి.

ఇక తలంబ్రాల సమయంలో స్టిల్ ఫొటోగ్రాఫరు ఫ్లాషు కొట్టినప్పుడల్లా బొమ్మలో సగం తెల్లబడుతోందని గొడవ. సీమాస్ సెన్సారు వరస తర్వాత వరస చదువుతుంది. ఫ్లాషు మధ్యలో వెలిగి ఆరిపోతుంది కాబట్టి కొన్ని వరసలకే అందుతుంది. వెనకటి సీసీడీలు ఫ్రేమంతా ఒకేసారి పట్టేవి, మొత్తం తెల్లబడేది, ఎవరూ పట్టించుకోలేదు. వాటికి వేరే జబ్బు: దీపం వైపు తిప్పితే పైనుంచి కిందికి నిలువు వెలుగు గీత. రెండూ పుట్టుకతో వచ్చినవే, బాగుచెయ్యడానికి ఏమీ లేదు. జరీ చీర మీద ఇంద్రధనుస్సు అలలు కూడా ఈ జాతే. చాలాసార్లు అది తెర చిన్నతనం: పాత 2.5 అంగుళాల తెరల్లో 1.23 లక్షల చుక్కలు అని రాస్తారు, అందులో ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగా లెక్క, అంటే పూర్తి రంగు పిక్సెళ్ళు 41 వేలే. పాల్ డీవీ ఫ్రేములో 4,14,720. పదోవంతు తెర మీద చూసి బొమ్మ నాణ్యత తేల్చెయ్యకూడదు.

9. చార్జరు పీకి చూడు.

టీవీకి కలిపినప్పుడు మాత్రమే మెల్లగా పైకి పాకే లేత పట్టీలు వస్తున్నాయా? చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడుపు. పోయాయంటే అడాప్టరుదో, ఎర్తుదో, జనరేటరుదో తప్పు.

10. ఏసీ గది, నది, సూర్యుడు.

మే నెలలో పెళ్ళికూతుర్ని ఏసీ గదిలో తీసి, అదే ఊపున బయట మండపంలోకి వస్తే లెన్సు మీద ఆవిరి, డ్రమ్ము మీద తేమ. టేపు కెమెరా అయితే నీటిచుక్క గుర్తు చూపించి మొరాయిస్తుంది. బలవంతం చేస్తే టేపు డ్రమ్ముకి అంటుకుపోతుంది. క్యాసెట్ తీసేసి మూత తెరిచి గంట వదిలెయ్యాలి. గదిలోంచి తెచ్చేముందే పాలిథిన్ సంచీలో బిగించి కట్టి, బయట వేడి పట్టాక విప్పితే ఈ బాధ ఉండదు.

2003 గోదావరి పుష్కరాలప్పుడు నీళ్ళు తాగిన కెమెరాలు బాగా వచ్చాయి. నది నీరైతే ఆశ ఉంది. కాకినాడ, యానాం వైపు ఉప్పునీరు తాగి వచ్చినవి లోపల పచ్చగా పూచి ఉంటాయి. ఏ నీరైనా వెంటనే బ్యాటరీ పీకాలి, ‘‘పని చేస్తుందేమో చూద్దాం’’ అని ఆన్ చెయ్యకూడదు. బియ్యంలో పెట్టడం వల్ల లోపలికి తవుడు పోవడం తప్ప నేను చూసిన లాభం లేదు.

వ్యూఫైండరు కంటి అద్దాన్ని ఎండ వైపు పెట్టి వదిలేస్తే ఆ భూతద్దం లోపలి చిన్న తెరను కాల్చేస్తుంది, గోధుమరంగు మచ్చ ఎప్పటికీ పోదు. సంగీత్‌లో డీజే లేజరు తిన్నగా లెన్సులోకి పడితే సెన్సారు మీద గీతో చుక్కో శాశ్వతంగా మిగులుతుంది. పాటకన్నా సెన్సారు ఖరీదు, కెమెరా పక్కకు తిప్పుకో.

11. కార్డు కెమెరాల్లో గళ్ళు.

లైవ్‌లో బాగుండి, ఆడించేటప్పుడు ఆగి ఆగి గళ్ళు పడితే ముందు కార్డు మార్చు. ఈ కెమెరాలు కార్డు మీద రాసే ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో సెకనుకు ఎక్కువలో ఎక్కువ 24 నుంచి 28 మెగాబిట్లు, అంటే సెకనుకు మూడున్నర మెగాబైట్లు మించదు. క్లాస్ 4 కార్డు అసలుదైతే చాలు, నకిలీ అయితే మీద 10 అని రాసున్నా చాలదు.

12. విప్పక తప్పకపోతే.

క్యాసెట్ ముందు బయటికి తియ్యి, అందులో ఎవరి పెళ్ళి ఉందో. బ్యాటరీ తియ్యి. జపాను స్క్రూల తల మన ఫిలిప్స్ బిట్‌కి సరిగా కూర్చోదు, జేఐఎస్ బిట్ కొనుక్కో, లేకపోతే తల గుండ్రమవుతుంది. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డులోకి దిగుతుంది, అందుకే విప్పిన వరసలోనే పేర్చు, ఫోన్లో ఫొటో తీసుకో. ఫ్లెక్స్ కూర్చునే కనెక్టరుకి చిన్న మూత ఉంటుంది. కొన్ని పైకి లేస్తాయి, కొన్ని ముందుకు జరుగుతాయి. ఏ రకమో తెలియకుండా లాగితే ముప్ఫై రూపాయల పనికి మొత్తం బోర్డు పోతుంది. 1990లనాటి హై8 కెమెరా విప్పగానే చేపల వాసన వస్తే కెపాసిటర్లు కారాయి, బొమ్మ ఊగడానికీ రంగు పోవడానికీ కారణం అదే, తెర జోలికి వెళ్ళనక్కర్లేదు.

13. తెర లేకపోయినా పని ఆగదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో షూటింగ్ చేసేవాళ్ళు తక్కువ. అమ్మమ్మ గొంతు ఉన్న క్యాసెట్ ఎలాగైనా కంప్యూటరులోకి ఎక్కించాలని వస్తారు. కెమెరా తెర చచ్చిపోయి ఉంటుంది. తెర మార్చడానికి నేను ఒప్పుకోను, విడిభాగం దొరకడమే కష్టం, దొరికినా ఆ డబ్బు దండగ. కంప్యూటరుకి కలిపే ఫైర్‌వైర్ సాకెట్, డ్రమ్ము బాగుంటే చాలు. ప్లే, రివైండ్ బొత్తాలు తెర మీదే ఉన్న టచ్ మోడళ్ళలో చిక్కు వస్తుంది, అలాంటిదానికి పాత రిమోట్ ఉందేమో ఇంట్లో వెతకమంటాను. అదీ లేకపోతే ఫైర్‌వైర్ వైరు ద్వారా కంప్యూటరే కెమెరాకి ప్లే చెప్పగలదు. వైరు తిరగేసి తొయ్యొద్దు, సాకెట్ కాలిపోతుంది. ఏళ్ళుగా కదలని టేపు కాబట్టి మొదట చివరిదాకా ఒకసారి చుట్టి, వెనక్కి తెచ్చి, అప్పుడు ఎక్కించడం మొదలుపెట్టండి.